టోపీ లేని సెల్యూట్

మారేడ్‌పల్లిలో మా అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా వచ్చినాయన మిలిటరీలో హవల్దారుగా రిటైరయ్యాడు. ఎవరి కారు వచ్చినా చేతులు ప్యాంటు కుట్లకు ఆనించి నిటారుగా నిలబడేవాడు. చెయ్యి మాత్రం ఎత్తేవాడు కాదు.

"ఏందీ, సెల్యూట్ కొట్టవా?" అన్నాడు అసోసియేషన్ సెక్రటరీ.

"నెత్తిమీద టోపీ లేకుంటే ఫౌజుల కొట్టం సార్."

ఆ ఆదివారం సెక్రటరీ మనవరాలి పుట్టినరోజు. రంగుకాగితం టోపీ ఒకటి తెచ్చి హవల్దారు నెత్తిన పెట్టి, దాని రబ్బరు దారాన్ని గడ్డం కిందికి లాగాడు సెక్రటరీ.

"ఇగ టోపీ ఉంది గదా. కొట్టు."

హవల్దారు కొట్టాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు, పెద్దలు ఫోన్లలో వీడియో తీసుకున్నారు.

మర్నాటి నుంచి ఆయన ఉత్త నెత్తితోనే గేటు దాటే ప్రతి బండికీ సెల్యూట్ కొట్టాడు. ఖాళీగా పోయే ఆటోకి కూడా.