ఎస్టిమేటుకు జతపరచిన కాగితం

మా నాయన రోడ్డు గ్యాంగులో కూలీ. మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో కొన్ని మైళ్లు ఆయన గ్యాంగు కింద ఉండేవి. పొద్దున్నే పారలు, గంపలు, దిమ్మిస ఎత్తుకుని నలుగురైదుగురు బయలుదేరేవాళ్లు. గుంత అరచేయంత ఉండగానే దాన్ని చెక్కి, కంకర పోసి, తారు వేసి దిమ్మిసతో కుమ్మేవాళ్లు. బడి సెలవుల్లో నేనూ మా చెల్లెలూ ఆయనకు సద్ది తీసుకుపోయేవాళ్లం. మా చెల్లెలు తారు పెళ్లలు ఏరుకుని గోలీల్లాగా ఉండలు చేసేది. సాయంత్రం అమ్మ తిట్టుకుంటూ కిరసనాయిలు గుడ్డతో దాని వేళ్లు తుడిచేది.

నాయన రిటైరయ్యేసరికి గ్యాంగులో ఇద్దరే మిగిలారు. తర్వాత వాళ్లూ దిగిపోయారు. వాళ్ల స్థానంలో ఎవరినీ వేయలేదు. అప్పటికి నేను పరీక్ష రాసి రోడ్ల శాఖలోనే గుమాస్తాగా చేరాను. మా చెల్లెలు టీచరైంది. పుంగనూరులో సంసారం, మదనపల్లె దారిలో ఉన్న పల్లెలో బడి. దినమూ స్కూటీ మీద పోయి వచ్చేది.

పుంగనూరు నుంచి వస్తే మా చెల్లెలి బడికి ముందు, రోడ్డు కింద వాననీళ్లు పోయే మోరీ ఒకటి ఉంది. వాన పడితే దాని పక్కన నీళ్లు నిలిచి రోడ్డు కొరుక్కుపోతుంది. నాయనకు ఆ సంగతి తన అరచేతి గీతల్లాగా తెలుసు. నేను ఇంటికి రాగానే ఆయన అడిగే మొదటి మాట ఆ మోరీ గురించే. గుంత గంపంత అయిందట, తొట్టంత అయిందట. నేను ఎస్టిమేటు పోయిందనో, పైన ఉందనో చెప్పేవాణ్ణి. అది అబద్ధం కాదు. ఆ ఎస్టిమేటు టైపు చేసింది నేనే. మొదటి ఏడు, ఈ పద్దు కింద నిధులు లేవని తిరిగొచ్చింది. మరుసటి ఏడు రేట్లు మార్చి మళ్లీ టైపు చేశాను. ఈసారి మంజూరైంది కానీ టెండరుకు ఎవరూ రాలేదు. రెండోసారి పిలిచినా రాలేదు. ఎప్పుడూ మా పనులు చేసే కాంట్రాక్టరు ఒకాయన ఏదో సంతకం కోసం వస్తే, ఎందుకు వేయలేదని అడిగాను.

"పోయిన పని బిల్లే ఇంకా రాలేదు సార్. మా ఇంటామె నగలు బ్యాంకులో ఉండాయి. ఇంగ దీనికి తారు యాడ తెచ్చేది?" అన్నాడు.

బండిలో పెట్రోలు పోయించుకునే ప్రతివాడూ రోడ్ల కోసమని కొంత కడతాడు. బండి కొన్నప్పుడు కట్టే పన్ను వేరే. ఆ డబ్బు ఎక్కడెక్కడ తిరుగుతుందో, మా గుంత దాకా ఎందుకు రాదో నాలాంటి గుమాస్తాకు తెలియదు. నాకు తెలిసిందల్లా పైనుంచి వచ్చే ఒక్క వాక్యం. నిధుల లభ్యతను బట్టి పరిశీలించబడును.

అంతలో నన్ను కుప్పానికి బదిలీ చేశారు. అమ్మ అప్పటికే పోయింది. నాయనా, నా భార్యాపిల్లలూ మదనపల్లెలోనే ఉండిపోయారు. నేను శనివారం రాత్రికి వచ్చి సోమవారం తెల్లవారుజామున బస్సెక్కేవాణ్ణి. బస్సు పుంగనూరు స్టాండులో ఆగే కొద్ది నిమిషాల్లో మా చెల్లెలు కిటికీలోంచి క్యారియరు అందించేది. వద్దంటే వినేది కాదు. ఒకసారి దాని మోచేతికి కట్టు చూసి అడిగితే, మోరీ దగ్గర స్కూటీ జారిందని, నాయనకు చెప్పొద్దని నవ్వింది. నేను జాగ్రత్త అన్నాను. అంతకంటే ఏమీ చేయలేదు. బస్సు కదిలింది.

ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. ఒక గురువారం పొద్దున పదకొండు గంటలప్పుడు మా చెల్లెలి భర్త ఫోన్ చేశాడు. మదనపల్లె ఆసుపత్రికి రమ్మన్నాడు. దానికేమైందంటే "నువ్వు రా బావా" అన్నాడు తప్ప ఇంకేమీ చెప్పలేదు. ఎంత అడిగినా ఆ మాటే. దొరికిన బస్సు ఎక్కి పలమనేరు మీదుగా పుంగనూరు దాటేసరికి మధ్యాహ్నమైంది. ప్రాణం ఉందనే నమ్ముకుని వచ్చాను. చేతికో కాలికో ఆపరేషను అంటారేమో, డబ్బులకు ఎవరిని అడగాలి అని లెక్కలు వేసుకుంటూ వచ్చాను.

మోరీ దగ్గర బస్సు నెమ్మదించింది. గుంత నిండా ఎర్రనీళ్లు. దాంట్లో ఎవరో వేపకొమ్మ గుచ్చి పెట్టారు. అందరూ కిటికీల వైపు వంగారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన, గొర్రెల సంతకు పోయొస్తున్న మనిషి, నా వైపు తిరిగి మామూలుగా చెప్పాడు.

"పొద్దున ఈడ టీచరమ్మ ఒగామె పడిందంటప్పా. ఎనకాల పాలబండి వస్తాండేది సూసుకోలేదంట. పాపం, ఆడికాడికే ప్రాణం పోయిందంట."

ఆమె మా చెల్లెలని ఆయనకు చెప్పలేదు. ముందు సీటు కమ్మీ పట్టుకుని మదనపల్లె దాకా అట్లాగే కూర్చున్నాను. ఆయన మధ్యలో ఎప్పుడో దిగిపోయాడు.

ఆసుపత్రి వరండాలో నాయన గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉన్నాడు. ఏడవడం లేదు. నన్ను చూసి ఒకే మాట అడిగాడు.

"మోరీ కాడనేనా?"

అవునన్నాను. ఆయన తల దించుకున్నాడు.

కర్మాంతరం అయిన వారానికి మా పాత ఆఫీసులో నాతో పనిచేసిన అమ్మాయి ఫోన్ చేసింది. చాలాసేపు నా ఆరోగ్యం గురించి, పిల్లల గురించి అడిగింది. తర్వాత మెల్లగా అసలు విషయానికి వచ్చింది. ప్రాణం పోయిన చోట రోడ్డు బాగు చేయడానికి వేరే పద్దు ఉందట. దాని కింద పెడితే మోరీ పనికి త్వరగా డబ్బు విడుదలవుతుందట. కానీ ప్రమాదం జరిగినట్టు పోలీసు కాగితం జతపరచాలి. స్టేషనులో అడిగితే తిప్పుకుంటున్నారు, ఇంట్లోవాళ్ల దగ్గర నకలు ఉంటుంది కదా అని.

"తప్పుగా అనుకోవద్దు సార్, ఎట్ల అడగల్లో నాకు తెలీలేదు" అంటూ ఏడ్చింది.

నేను జిరాక్సు అంగట్లో నిలబడి రెండు నకళ్లు తీయించాను. అంగడతను కాగితం తిప్పి పెడుతుంటే మా చెల్లెలి పేరు, వయసు, వృత్తి కనబడి కనుమరుగయ్యాయి. నకలు కింద సంతకం పెట్టి నేనే తీసుకుపోయి ఇచ్చాను. నేను రెండుసార్లు టైపు చేసిన ఎస్టిమేటు ఆ ఫైల్లోనే ఉంది. ఒక్క అక్షరం మార్చలేదు. జతపరచినవి అన్నచోట ఒక వరస చేర్చారు, అంతే. కొన్ని వారాల్లోనే డబ్బు వచ్చింది.

పని మొదలైందని తెలిసి నాయన ఆటోలో పోయి చూసొచ్చాడు. పొద్దుగూకే దాకా అక్కడే కూర్చున్నాడట. ఆ ఆదివారం నా పక్కన మంచం మీద కూర్చుని చెప్పాడు.

"బాగా ఏసినారు. నువ్వు గట్టిగా రాసినావు గాబట్టి ఏసినారు."

మోకాళ్లు నిమురుకుంటూ మళ్లీ అన్నాడు.

"ముందే ఇట్ల పట్టుబట్టి అడిగింటే బాగుండు కదప్పా."

ఆయన గొంతులో నింద లేదు. బిడ్డను పోగొట్టుకున్న మనిషి, ఉన్న కొడుకుతో మనసులో మాట చెప్పుకున్నాడు, అంతే. నేను ఏ కాగితం ఇచ్చానో చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేదు.

ఈ మధ్య కుప్పం దగ్గరి పల్లె నుంచి ఒకామె అర్జీ పట్టుకుని మా ఆఫీసుకు వస్తోంది. వాళ్ల మలుపు దగ్గర రోడ్డు సగం కోసుకుపోయిందని, కాలేజీ పిల్లలు ఆ దారినే బండ్ల మీద పోతారని చెబుతుంది. ఆమె వచ్చినప్పుడల్లా కుర్చీ వేసి మంచినీళ్లిస్తాను. అర్జీ తీసుకుని ముద్ర వేస్తాను. మొన్న పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి అడిగింది.

"ఏం సేస్తే బిరీన ఏస్తారు సార్? నువ్వు లోపలుండేవాడివి, నీకు తెలిసుంటాది కదా."

నాకు తెలుసు. తెలియదమ్మా అన్నాను.