దయాల్‌బంద్ వంటింట్లో టోఫూ

మైలు పొడవు బొగ్గు వ్యాగన్ల రేక్ లాగినవాణ్ణి నేను. గుప్పెడు సోయా గింజల దగ్గర చతికిలబడ్డాను. ఇప్పుడు లోకో పైలట్ అని గౌరవంగా పిలుస్తున్నారు గాని, మా రోజుల్లో మేం డ్రైవర్లమే. బిలాస్‌పూర్ షెడ్‌లో చేరాను, బిలాస్‌పూర్‌లోనే రిటైరయ్యాను. ఆ సర్వీసంతా పొయ్యి వెలిగించిన పాపాన పోలేదు. ఇంట్లో మా ఆవిడ ఉంది, లైన్లో డ్రైవర్లు దిగే రన్నింగ్ రూంలో వంటవాడు ఉన్నాడు. నేను అగ్గిపుల్ల గీసిందల్లా బీడీకే, అదీ డాక్టర్లు మాన్పించేశారు.

పోయినేడు మా ఆవిడకి కడుపులో గడ్డ ఉందని ఆపరేషన్ చేసి తీశారు. తర్వాత ఇంజక్షన్లు మొదలెట్టారు. కొన్ని పడేసరికి మనిషి మంచానికి అంటుకుపోయింది. డాక్టరమ్మ రక్తం రిపోర్టు చూసి, ఒంట్లో ప్రోటీన్ బాగా పడిపోయింది, బరువూ తగ్గిపోయింది, ఇలా ఉంటే తర్వాతి ఇంజక్షన్ ఇవ్వలేను, వచ్చే నెల మళ్ళీ చూసి చెప్తాను అంది. ఇవ్వకపోతే ఏమవుతుందని నేను అడగలేదు. డాక్టరమ్మ మొహం చూస్తేనే తెలిసిపోయింది. భయమేసింది నాకు, దాచుకోడం ఎందుకు.

తినిపిద్దామంటే ఏది తినిపించను? పాలు తాగితే కడుపుబ్బరం. గుడ్డు, చేప పొయ్యి మీదకెక్కితే చాలు, వాసనకే వాంతి. శ్రీకాకుళం సముద్రం పక్కన పుట్టి, చేపల పులుసు లేనిదే ముద్దెత్తని మనిషి! పప్పుకట్టు మాత్రం పాపం ఎంతని తాగుతుంది? అప్పుడు డాక్టరమ్మ హిందీలో టోఫూ పెట్టండి అంది. ఏటది అన్నాను. సోయా పనీర్ అంది. అచ్ఛా అని అంతా అర్థమైనట్టు తలూపి వచ్చేశాను.

ముందు పెద్ద దుకాణంలో ప్యాకెట్ కొన్నాను. విప్పితే పచ్చి చిక్కుడు గింజల వాసన. మా ఆవిడ ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని, నా మొహం చూసి మింగేసింది గాని, రెండోది ముట్టలేదు. మా అమ్మాయి భిలాయిలో బ్యాంకు ఉద్యోగం చేస్తోంది. ఇంట్లో చేసుకుంటే ఆ వాసన ఉండదని ఫోన్లో ఒక వీడియో పంపించింది. వంటమనిషిని పెడదాం నాన్నా అని కూడా అంది. నేను ససేమిరా అన్నాను. ఎవరో వండి పడేసి పోతే, ఆవిడ తిన్నదో మానిందో చూసేదెవరు?

సోయా గింజలు, రిటైరయ్యాక మేముంటున్న దయాల్‌బంద్‌లో మా ఇంటి పక్క కొట్లోనే దొరుకుతాయి. నేను మాత్రం బుధవారీ బజారుకి పోయాను. రైల్వే కాలనీ పక్క సంత అది, నా కాళ్ళు ఇప్పటికీ అటే పోతాయి. గింజలు కొన్నాక ఊరికే ఒకసారి చూద్దామని మా పాత క్వార్టర్ వరసలోకి వెళ్ళాను. మా గుమ్మం ముందు ఎవరిదో మోటార్ సైకిల్. వెనక వరండాకి కొత్త ఇనుప జాలీ కొట్టారు. అక్కడే ఆవిడ నా క్యారేజీ కట్టేది. కింద గిన్నెలో పులిహోర, పైన ఆవపెట్టిన అరటికాయ కూర, ఆ పైన ఏదో పచ్చడి. డ్యూటీ ఎంత సాగుతుందో ఎవరికీ తెలీదు కాబట్టి, పాడవని తిండే కట్టాలి. పెండ్రా రోడ్ స్టేషన్ దగ్గర సిగ్నల్ లేక బండి నిలబడిపోతే ఇంజన్లోనే క్యారేజీ విప్పేవాణ్ణి. మా అసిస్టెంటు బీహారీ. ఆ పులిహోర కోసం నాతో డ్యూటీ పడాలని అడిగి మరీ వేయించుకునేవాడు. ఆ జాలీ ముందు అలాగే నిలబడిపోయాను. ఇప్పుడు ఆ ఇంట్లో ఉంటున్నావిడ వచ్చి ఎవరు కావాలి అని హిందీలో అడిగితే, ఎవరూ వద్దమ్మా అని వచ్చేశాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. నేను లైన్ దిగి ఏ వేళకొచ్చినా మా ఆవిడ రెండు కంచాలు పెట్టేది. మధ్యాహ్నం దాటిపోయినా సరే, నాకొకటి, తనకొకటి. నేను రాకుండా ముద్ద ముట్టదురా మా ఇంటిది అని రన్నింగ్ రూంలో మీసం మెలేసేవాణ్ణి. నీ అదృష్టం భాయీ అనేవాళ్ళు మిగతా డ్రైవర్లు.

సరే, టోఫూ. గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున్న నలిపి పొట్టు తీసి, మిక్సీలో నీళ్ళు పోసి రుబ్బి, బట్టలో వడకట్టి పాలు తీశాను. ఇంతవరకూ ఎవడైనా చేస్తాడు. పొయ్యి మీద పెట్టాక ఉంది అసలు సంగతి. సోయా పాలు కాగకుండానే పొంగుతాయి. నురగ లేవగానే, ఆహా మరిగిందనుకుని దించేశాను. పచ్చి వాసన అలాగే ఉండిపోయింది. ఆ నురగని నమ్మకూడదు. మంట తగ్గించి, అడుగంటకుండా కలుపుతూ, పచ్చివాసన పోయేదాకా మరగనివ్వాలి. మొదటి రోజు నాకిది ఎవరూ చెప్పలేదు, వీడియోలో పిల్ల చెప్పిందేమో గాని నా హిందీ ఆ పిల్లంత జోరుగా పరిగెత్తదు.

రెండోసారి బాగా మరిగించాను. పులుపు పోస్తే పాలు విరుగుతాయన్నారు. ఇంట్లో నిమ్మకాయ లేదు. పులుపంటే మావైపు వాడికి ఇంకేం గుర్తొస్తుంది? చింతపండు పిసికి చిక్కటి రసం పోసేశాను. విరగడం విరిగింది. గిన్నెలో పాలు పోయి, తాలింపు కోసం చూస్తున్న పులుసు తయారైంది. ఆ ముక్కల రంగు చూస్తే నాకే తినబుద్ధి కాలేదు. మంచం మీంచి మా ఆవిడ వాసన పట్టి, ఏటండీ పులుసు పెడుతున్నారా అని అడిగింది. ఒళ్ళు మండింది గాని ఏం చేస్తాం, అవునన్నాను.

ఆ తర్వాత నిమ్మకాయలు తెచ్చి, రసమంతా ఒక్కసారే గుమ్మరించి మజ్జిగ చిలికినట్టు చిలికాను. పాలు రవ్వరవ్వ అయిపోయాయి. మరోసారి అన్నీ కుదిరాయి గాని, గట్టిపడాలని మూట మీద రుబ్బురోలు పొత్రం ఎత్తి పెట్టాను. తీసి చూస్తే చెప్పు అట్ట. ఆడలేక మద్దెల ఓడన్నట్టు గింజల్ని తిట్టాను, మిక్సీని తిట్టాను, నీళ్ళని కూడా తిట్టాను.

పట్టు దొరికింది ఎలాగంటే, తొందర మానేశాక. మరిగిన పాలు దించి, పొంగు చల్లారనివ్వాలి. నిమ్మరసంలో కొంచెం నీళ్ళు కలిపి, గరిటతో నెమ్మదిగా ఒక్కసారి తిప్పుతూ పోసి, మూతపెట్టి వదిలేయాలి. మూత తీస్తే ముద్దలు ఒకపక్క, పసుపుపచ్చటి తేట నీళ్ళు ఇంకోపక్క. బట్టలో పోసి, పైన నీళ్ళ చెంబు బరువు చాలు. గట్టిపడ్డాక చన్నీళ్ళలో వేయాలి. ముక్కలు కోసి ఉప్పు నీళ్ళలో కాసేపు ఉంచితే లోపలికి ఉప్పు పడుతుంది. అప్పుడు కొంచెం నూనెలో ఎర్రగా కాల్చి, పచ్చిమిర్చీ కరివేపాకూ తాలింపు వేసి, పొయ్యి ఆపేశాక ఆవపిండి కలపాలి. పొయ్యి మీదుండగా కలిపితే చేదెక్కుతుంది. ఈ చివరి ముక్క మాత్రం వీడియోది కాదు, మా ఆవిడ అరటికాయ కూర చెయ్యడం దూరం నుంచి చూసి నేర్చుకున్నది.

మొదటిసారి ఆ ముక్క ఎర్రగా, మెత్తగా, విరగకుండా కంచంలో పడ్డప్పుడు నాకు ఎంత గర్వమో! ఆవిడ మంచం పక్కన స్టూలు వేసి కంచం పెట్టాను. మీరు తిన్నారా అని అడిగింది. నా సంగతి వదిలేయ్, ముందు నువ్వు తిను అని, ప్రశాంతంగా తింటుందని తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను. నిజం చెప్పాలంటే నాకు టోఫూ సయించదు. ఉప్పు చూడ్డానికి ఒక ముక్క నోట్లో వేసుకుని, అదే చాలనుకున్నాను. నేను వీధి చివర హోటల్లో రొట్టెలో కచోరీలో తినేసి వచ్చేవాణ్ణి. వచ్చేసరికి కంచం ఖాళీ. అలా రోజూ కంచం ఖాళీ అవుతోంది, నా ఛాతీ పెరుగుతోంది. కొండ తవ్వి ఎలుకని పట్టలేదు, ఏనుగునే పట్టాననుకున్నాను.

మందుల షాపులో బరువు చూసే మిషన్ ఉంటుంది. ఒకరోజు రిక్షాలో తీసుకెళ్ళి ఎక్కించాను. పెరగలేదు సరికదా, ఇంకా తగ్గింది. షాపువాడికి మిషన్ పాడైందని చెప్పాను. వాడు తనే ఎక్కి చూపించాడు. ఇంటికి వస్తున్నంతసేపూ తప్పు ఎక్కడ జరిగిందో తెలీలేదు. డాక్టరమ్మ చెప్పిన గడువు దగ్గరపడుతోంది.

మర్నాడు హోటలుకి పోకుండా పెరట్లోకి వెళ్ళాను, బట్టలు తీద్దామని. ఆవిడ గది కిటికీ కింద ఒక వీధికుక్క కూర్చుని ఉంది. మా వీధి కుక్కలన్నీ డొక్కలెండిపోయి ఉంటాయి, ఇదొక్కటీ నిగనిగలాడుతోంది. చూస్తుండగానే కిటికీలోంచి ఒక టోఫూ ముక్క పడింది. దాని వెనక ఇంకోటి.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. నా గొంతు చిన్నది కాదు, ఇంజన్ మోతలో అరిచి అరిచి అలవాటైన గొంతు. పొద్దుట్నుంచి వంటింట్లో ఎందుకు చస్తున్నాననుకుంటున్నావు, కుక్కకి ప్రోటీన్ ఎక్కితే నీకు ఇంజక్షన్ ఇస్తారా అని నోటికొచ్చినట్టు అరిచాను. బాగోకపోతే బాగోలేదని చెప్పొచ్చు కదా అన్నాను. ఆవిడ చేతిలో కంచం అలాగే పట్టుకుని కూర్చుంది. నా అరుపు అయ్యేదాకా ఆగింది, ఎప్పుడూ అంతే.

"కూర బాగానే ఉంటందండీ," అంది. "ఒక్కదాన్నీ కూకుని తినలేను. ముద్ద గొంతు దిగదు."

నాకు ఇంకా మండింది. నేను లైన్లో ఉన్నప్పుడు ఎంత ఆలస్యమైనా నా కోసం పస్తున్నదానివి, ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాను, నీ ప్రాణం కోసం ముందు తినమంటే ఈ పతిభక్తి ఏటి అన్నాను.

ఆవిడ నా వంక వింతగా చూసింది. ఆపరేషన్ అయ్యాక నేను మొదటిసారి ఆ మొహంలో నవ్వు చూశాను.

"ఎవరు చెప్పారండీ పస్తున్నానని? వరండాలో ఆళ్ళతో తినేసేదాన్ని. మీరొచ్చాక మీతో మళ్ళీ తినేదాన్ని."

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఇన్నేళ్ళూ మెలేసిన మీసం ఒక్క మాటతో జారిపోయింది. ఆవిడ మాత్రం దిండుకి ఆనుకుని, ఎన్నాళ్ళకో నోరు విప్పింది. మొగుళ్ళు లైన్లో ఉన్న ఆడాళ్ళందరూ ఎవరి కంచం వాళ్ళు తెచ్చుకుని మా వెనక వరండాలో చేరేవారట. పక్కింటి గార్డు భార్య ఒడియా ఆవిడ, పొఖాళో తెచ్చేది. వెనకింటి పాయింట్స్‌మన్ భార్య ఇక్కడి బిల్హా ఊరి పిల్ల, బాసీ తెచ్చేది. మా ఆవిడది చద్దన్నం. ముగ్గురివీ నీళ్ళన్నాలే, ముగ్గురూ మాదే అసలైనదని దెబ్బలాడుకునేవారు. ఒకరి ఉల్లిపాయ ఒకరు, ఒకరి ఎండుచేప ఒకరు పంచుకునేవారు. నేను రెస్టులో ఇంట్లో ఉంటే మాత్రం నిద్ర పాడవుతుందని ఒడియా ఆవిడ వరండాకి మారేవారట. మరి నాతో మళ్ళీ ఎందుకు తినడం అంటే, మీరు మాత్రం ఒక్కరూ ఎలా తింటారు అంది. అందరూ ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు, బిల్హా ఆవిడైతే పోయినేడు చనిపోయిందట, నాకు తెలీనే తెలీదు. దయాల్‌బంద్ వచ్చాక నాతో టీవీ ముందు తినేది, అదీ సరిపోయేది. ఈ జబ్బు వచ్చాక నేను కంచం పెట్టి తలుపేసి పోతున్నాను. తలుపేసిన గదిలో తినడం తనకి చేతకాదంది.

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ముందే ఏడ్చాను. ఎంతసేపూ టోఫూలోనే లోపం వెతికాను, మనిషిని చూడలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి నాకూ ఒక కంచంలో అన్నం పెట్టి తెచ్చుకున్నాను. గిన్నెలో మిగిలిన ముక్కలు సగం ఆవిడకి, సగం నాకు. ఆవిడకెదురుగా కూర్చున్నాను.

అప్పుడు చూశాను ఆవిడ తినడం. టీవీ లేదు, హడావిడి లేదు, చూడ్డానికి ఇంకేం లేదు. ఆవిడ తన కంచం చూసుకోదు, ఎదుటి కంచం చూస్తుంది. నేను ముద్ద కలిపితే తను కలుపుతుంది. నేను నోట్లో పెట్టుకున్నాకే తను పెట్టుకుంటుంది. నేను ఆగితే ఆగుతుంది. ముక్క నమలుతుంటే నా మొహం ఎలా ఉందో ఏమో, తెగ నవ్వింది. ఆరోజు ఆ కంచం ఆవిడే ఖాళీ చేసింది.

గడువు రోజున డాక్టరమ్మ రిపోర్టు చూసి, ఇంకొంచెం కావాలి గాని ఇవ్వొచ్చు అంది. ఇంజక్షన్ పడింది. ఇంకా కొన్ని ఉన్నాయి. ఏమవుతుందో ఇప్పుడూ నాకు తెలీదు, ఇప్పుడూ అడగను.

పొద్దున్నే పాలు కాస్తాను, విరుస్తాను, కోస్తాను. ఒకే గదిలో రెండు కంచాలు పెడతాను. టోఫూ నాకు ఈరోజుకీ సయించదు, ఆ మాట ఆవిడకి చెప్పలేదు, చెప్పను. నా కంచం ఖాళీ అయితే ఆవిడ చెయ్యి ఆగిపోతుంది. అందుకని ఇంకో ముక్క వేసుకుంటాను. ఆవిడా వేసుకుంటుంది.