మన్నళ్ళి మాణెమ్మ మాట

నర్సప్ప రాయించిన ఉత్తరం మా రేడియో కేంద్రానికి వచ్చిన వారానికి నేను బీదరు బయలుదేరాను. "నా భార్య మాణెమ్మ కథలు బాగ చెప్తది. గొంతుల గడ్డ అయింది. హైదరాబాదు దవాఖానల ఆపరేషను చేస్తమన్నరు. ఆనెంక మాట వస్తదో రాదో తెల్వదట. ఆలోపు మీరొచ్చి ఆమె మాట పట్టుకోండ్రి" అని అందులో ఉంది. బడిపంతులు దస్తూరీ, కింద నర్సప్ప వేలిముద్ర. పది నిమిషాల శబ్దకథనాలు తయారుచేయడం నా పని.

నాంపల్లిలో ఉదయం ఏడుంబావుకు పాసింజరు ఎక్కాను. బ్యాటరీలతో నడిచే టేపు రికార్డరు ఒళ్లో పెట్టుకుంటే బరువుకు కాళ్లు తిమ్మిరెక్కాయి. వికారాబాదులో పూరీలు, చాయ్. ఈ దారిన వెళ్లేవాళ్లు అక్కడే కడుపునిండా తినడం మంచిది. ఎదురుగా కూర్చున్న గొంగళ్ల వ్యాపారి నా ఒళ్లోని పెట్టెలో ఏముందని అడిగాడు. మాటలు పట్టే యంత్రమని చెప్పాను.

"నా మాట గూడ పడ్తదా?"

"పడుతుంది. ఏదైనా చెప్పండి."

ఆయన చాలాసేపు ఆలోచించి, "ఏం యాదికొస్తలేదు బిడ్డా" అని జహీరాబాదులో దిగిపోయాడు.

బీదరు చేరేసరికి ఒంటిగంట. ఊరు మైసూరు రాష్ట్రంలో కలిసి కొన్నేళ్లే అయింది. బస్టాండులో బోర్డులు కన్నడంలో, బేరాలు ఉర్దూలో, నా పక్కనున్న ఆడవాళ్ల ముచ్చట్లు తెలుగులో. అన్నం తిని మూడింటి మన్నళ్ళి బస్సు పట్టుకున్నాను. నాలుగు కాకముందే దింపింది.

బస్సు ఆగేచోట నర్సప్ప, మాణెమ్మ నిలబడి ఉన్నారు. ఆయనకు చూపు లేదని అక్కడే తెలిసింది. ఉత్తరంలో ఆ సంగతి రాయించలేదు. ఆమె ముందు నడుస్తూ బొంగురు గొంతుతో చెబుతూ పోతోంది. "రాయున్నది, కుడిదిక్కు రా. మోరీ వచ్చింది, పెద్దడుగెయ్యి."

"పన్నెండేండ్లాయె కండ్లు పోయి" అన్నాడు నర్సప్ప నాతో. "కట్టె పట్టే అలవాటే కాలె. ఆమె చెప్తనే ఉంటది."

వాళ్లింట్లోనే జొన్నరొట్టె, పుంటికూర పప్పు తిని పడుకున్నాను. మర్నాడు ఎనిమిదింటికి మైకు పెట్టేసరికి మాణెమ్మ మనిషే మారిపోయింది. పుస్తకం చదివినట్టు "అనగనగా ఒక రాజు గలడు" అని మొదలుపెట్టి, దగ్గి ఆగిపోయింది. మళ్లీ అంతే.

"అక్కా, మీ పని మీరు చేసుకోండి" అన్నాను. ఎదుటి మనిషి మైకును మరిచిపోయేదాకా ఊరుకోవాలి. ఇన్నేళ్లలో ఈ పనిలో నేను నేర్చుకున్నది అదొక్కటే. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంది. కాసేపటికి కోడిపిల్లల వెంటపడ్డ పిల్లిని తిట్టబోయి, అట్నుంచటే ఓ పిల్లి కథలోకి వెళ్లిపోయింది. ఆరు నిమిషాలు, ఎక్కడా తడబడలేదు. ఆ తర్వాత నర్సప్పను స్నానానికి బావి దగ్గరికి తీసుకుపోతుంటే మైకు పట్టుకుని వెనకే నడిచాను. "గడప ఉన్నది, కాలెత్తు. ఆడ్నే నిలవడు. నీళ్లు సల్లగున్నయి, జర ఓర్సుకో."

మధ్యాహ్నం ఇద్దరికీ వినిపించాను.

"గింత మొరటుగుంటదా నా గొంతు?" అంది మాణెమ్మ.

"ఎప్పటి లెక్కనే ఉన్నది" అన్నాడు నర్సప్ప.

బావి దారి మాటలు మొదలవగానే ఆయన లేచి నిలబడ్డాడు. 'కాలెత్తు' అని వినగానే ఉత్త నేల మీద కాలెత్తి అడుగు వేశాడు. మాణెమ్మ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. నేను టేపు ఆపేశాను.

"అమ్మా" అన్నాడాయన నాతో, "పిల్లి కథ రేడియోల ఎయ్యి. బాయికాడి మాటలెయ్యకు. గవి నాకు చెప్పినయి."

వెంటనే ఒప్పుకోలేకపోయాను. నా కథనానికి ప్రాణం ఆ రెండు నిమిషాలే. మాణెమ్మ వైపు చూశాను. "ఆయన ఎట్లంటె గట్లనే" అంది. సరేనన్నాను. ఆ ముక్క వేరే టేపు మీదికి ఎక్కించి దాస్తానని, ఎప్పుడు వచ్చినా వినిపిస్తానని మాటిచ్చాను.

మూడోరోజు పొద్దున ముగ్గురం బీదరులో రైలెక్కాం. దవాఖానలో చేరాల్సింది ఆ సాయంత్రమే. జహీరాబాదు దాకా మాణెమ్మ కిటికీలో కనబడ్డదల్లా ఆయనకు చెప్పింది: చెరుకు బండ్లు, ఎర్రమట్టి, కంచె మీద ఆరేసిన చీర. తర్వాత మాట ఆపి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"ఇగో, ఇంటున్నవా. ఒక్కపారి ఒత్తితె మెట్టు. రెండుపార్లయితె ఎడమ. మూడయితె కుడి. గట్టిగ పట్టుకుంటె ఆగాలె."

వికారాబాదు దాటేదాకా అదే సాధన. ఆయన తప్పినప్పుడల్లా ఆమె నవ్వింది. "ఇంకొకపారి" అంటూనే ఉన్నాడాయన. నా టేపు ఇంకా మిగిలే ఉంది కానీ పెట్టె మూత తీయలేదు.

ఆపరేషను బాగానే జరిగింది. ప్రాణానికి భయం లేదన్నారు. గొంతు మాత్రం తిరిగి రాలేదు. పిల్లి కథ ప్రసారమైన రోజు వార్డులో వాళ్ల పక్కనే కూర్చుని విన్నాను. అయినా ఈ ప్రయాణం తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది, ఆమెకింకా గొంతు ఉండగానే ఆ రోజు నాంపల్లిలో దిగడమే. జనం తోసుకుంటున్నారు. సాయం పట్టబోతే మాణెమ్మ వద్దని తల ఊపింది. తాను ముందు దిగి, ఆయన మోచెయ్యి అందుకుని ఒకసారి ఒత్తింది. నర్సప్ప మెట్టు మీద కాలు పెట్టాడు. మళ్లీ ఒత్తింది. ప్లాట్‌ఫారం మీద రెండు కాళ్లూ ఆనించి నిలబడి, "ఇప్పుడు ఎడమకా?" అన్నాడు.

ఆమె రెండుసార్లు ఒత్తింది.