శెట్టి కట్టనన్న బిల్లు

1984లో నేను అనంతపురంలోని ఒక బ్యాంకు శాఖలో బిల్లుల సీటులో పనిచేసేదాన్ని. అంతకుముందు ఏడు నన్ను బెంగళూరుకు ట్రేడ్ ఫైనాన్స్ శిక్షణకు పంపారు. సరుకు ఒక ఊళ్ళోనూ కొనేవాడు ఇంకో ఊళ్ళోనూ ఉన్నప్పుడు, బ్యాంకు మధ్యలో నిలబడి ఇద్దరికీ నష్టం రాకుండా చూడటమే ఆ విద్య. ఓడలు, రేవులు, లెటర్ ఆఫ్ క్రెడిట్‌లు అన్నీ నేర్చుకుని తిరిగొచ్చాను. ఇక్కడ చూస్తే ఆ ఏడు వానల్లేక వేరుశనగ ఎండిపోయింది, నా సీటుకు వచ్చే బిల్లులు కూడా తగ్గిపోయాయి. మధ్యాహ్నాలు సొరుగులో నవల పెట్టుకుని చదివేదాన్ని.

అలాంటి రోజుల్లో కాలేజీ నుంచి ఎం.కాం పిల్లలు నలుగురు ప్రాజెక్టు పని కోసం వచ్చారు. వాళ్ళకు పాఠం చెప్పమని మేనేజరుగారు నాకు అప్పగించారు. నలుగురి ముందు నోరు విప్పడమంటే నాకు భయం. బల్లమీద కాగితాలు పరిచి, వాటినే చూస్తూ చెప్పాను. రెండో వారానికి ముగ్గురు మానేశారు. నాగవేణి మాత్రం మిగిలింది. ధర్మవరం పిల్ల. నాకంటే తక్కువ మాట్లాడే మనిషిని చూడటం నాకదే మొదటిసారి.

ఒకరోజు మొహం వేలాడేసుకుని వచ్చింది.

"ఏమైంది?" అన్నాను.

"పుస్తకంలోది రాసుకొస్తే ఒప్పుకోనన్నాడక్కా మా సారు. నిజంగా జరిగిన బేరం ఒకటి మొదట్నించి కడదాకా చూసి రాయల్లంట. ల్యాకుంటే ఈ ఏడు పాసు చెయ్యనన్నాడు."

ఊళ్ళో చీరల వ్యాపారులెవరూ చదువుకునే ఆడపిల్లకు తమ బేరాలు చూపించడానికి ఒప్పుకోలేదు. ఇక మిగిలింది వాళ్ళ నాయనే. సంజీవప్పకు నాలుగు మగ్గాలుండేవి. నేసిన పట్టుచీరలన్నీ బెంగళూరులో గోవిందశెట్టి అనే ఒకే ఒక్క వ్యాపారికి ఇచ్చేవాడు. మూట తానే రైల్లో తీసుకుపోయి, అంగట్లో కూర్చుని, కాఫీ తాగి, ఇచ్చినంత తెచ్చుకునేవాడు. వాళ్ళ మధ్య కాగితమనేదే లేదు.

అందులో ఒక్క మూటను డాక్యుమెంటరీ బిల్లు మీద పంపితే నాగవేణి ప్రాజెక్టు గట్టెక్కుతుంది. పద్ధతి సులువే. చీరలు లారీ ఆఫీసులో వేసి రసీదు తీసుకోవాలి. దాన్ని ఎల్.ఆర్. అంటారు. ఆ ఎల్.ఆర్.నూ బిల్లునూ మేము మా బెంగళూరు శాఖకు పంపుతాం. శెట్టి అక్కడ డబ్బు కట్టి ఎల్.ఆర్. తీసుకోవాలి. దాన్ని బిల్లు రిటైర్ చేయడమంటారు. ఎల్.ఆర్. చూపిస్తేనే లారీ ఆఫీసువాళ్ళు మూట ఇస్తారు.

సంజీవప్ప బ్యాంకుకు వచ్చి, నేను చెప్పిందంతా తలొంచుకుని విన్నాడు.

"ఇన్నేండ్లూ నోటిమాట మీద పోయిన యాపారమమ్మా. ఇప్పుడు నడిమద్దెలో బ్యాంకును పెడితే, నిన్ను నమ్మనని ఆయప్పకు చెప్పినట్ల కాదా? ఆయప్పకు కోపమొస్తే నా చీరలు కొనేవాళ్ళు యాడుండారు?"

"ఇది పాప చదువు కోసమని మీరు ముందుగా చెప్పండన్నా. ఆయన ఏమీ అనుకోరు."

కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల నేల చూస్తోంది. "సరే. వచ్చే వారం పోయినప్పుడు చెప్తా" అన్నాడు.

పోయి వచ్చాడు. మూట లారీకెక్కింది, బిల్లు బెంగళూరు వెళ్ళింది. నాగవేణి ప్రతి కాగితానికీ నకలు రాసుకుంది. పది రోజులకు మా బెంగళూరు శాఖ కబురు పంపింది. పార్టీ గోవిందశెట్టి బిల్లు కట్టనంటున్నాడు, ఏం చేయమంటారు అని.

నాగవేణికి చెప్పగానే కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. "ప్రాజెక్టు పోతే పోయిందక్కా. మా నాయన మగ్గాలు నిల్చిపోతాయేమో" అంది.

ఆ మర్నాడే సంజీవప్ప బ్యాంకుకొచ్చాడు. పక్కన తెల్ల పంచె, నల్ల కోటు వేసుకున్న పెద్దమనిషి. వెనక నాగవేణి. ఆయనే శెట్టి, పొద్దున రైలు దిగి నేరుగా వాళ్ళింటికే వచ్చాడట.

"ఈయమ్మే" అన్నాడు సంజీవప్ప. "నువ్వే చెప్పు తల్లీ. నాకు నోరు రాదు."

"అంటే, మీరు ముందు చెప్పలేదా?" అన్నాను.

"చెప్దామనే పోయినా. కాఫీ తాపిచ్చినాడు. పిల్లోళ్ళను పేరుపేరునా అడిగినాడు. ఇంగ యాడ చెప్పేది? అట్లే లేసొచ్చినా."

ఆయన్ని ఏమనగలను? ఆ పరిస్థితిలో ఉంటే నేనూ అలాగే లేచి వచ్చేదాన్ని.

శెట్టి నా ఎదురుగా కూర్చున్నాడు. "నేనేమన్నా ఈయప్ప దుడ్లు ఎగ్గొట్టి పోయినానా? బ్యాంకోళ్ళు మా అంగడికొచ్చి, కట్టు, లేకుంటే మూట ఇయ్యమంటారా? పక్క అంగడోళ్ళంతా సూస్తాండారు. నా మొగం యాడ పెట్టుకునేది?"

 మొదట్నుంచీ అంతా చెప్పాను. కాలేజీ సంగతి, సారు పెట్టిన షరతు, నలుగురు పిల్లల్లో ఒక్కతే మిగలడం. ఉద్యోగంలో చేరాక ఒకే మనిషితో అంతసేపు మాట్లాడింది అదే మొదటిసారి. నేను ముగించేసరికి శెట్టి నన్ను కాదు, నాగవేణిని చూస్తున్నాడు.

"నీ చదువు కోసమా?"

"అవు మామా."

"ఆ మాట ముందే చెప్తే వద్దంటానా? నువ్వు కాలేజీలో చేరినప్పుడు పెన్ను కొనిచ్చింది ఎవురు?" సంజీవప్ప వైపు తిరిగాడు. "నీకు నోరు దేవుడెందుకిచ్చినాడప్పా, కాఫీ తాగేకా?"

సంజీవప్ప నవ్వలేక నవ్వాడు. శెట్టి కోటు లోపలి జేబులోంచి నోట్ల కట్ట తీసి నా బల్లమీద పెట్టాడు. "తీస్కోమ్మా. బిల్లు కొట్టేసెయ్."

"ఇక్కడ తీసుకోకూడదండీ. బిల్లు, ఎల్.ఆర్. రెండూ బెంగళూరులో ఉన్నాయి. అక్కడే కట్టాలి."

"ఇచ్చేటోన్ని నేను ఈడుండా. తీసుకునేటోడు నా పక్కనే కూసున్నాడు. దుడ్లు నీ ముందర ఉండాయి. అయినా చీరలు కదలవా?"

"కదలవండీ."

"మంచి చదువే చెప్తాండారు" అని పకపకా నవ్వాడు. నాగవేణి కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ పిల్ల నవ్వడం నేను చూసింది అప్పుడే.

శెట్టి వట్టి చేతులతో తిరిగి పోలేదు. కడదాకా చూసి రాయాలన్నారు కాబట్టి నాగవేణిని చూడనివ్వాలని, తండ్రీకూతుళ్ళిద్దరినీ తనతోపాటే రైలెక్కించుకుపోయాడు. మర్నాడు ఆ పిల్ల ముందరే మా బెంగళూరు శాఖలో డబ్బు కట్టి, ఎల్.ఆర్. ఆమె చేతికే ఇచ్చి లారీ ఆఫీసుకు నడిపించాడట. మూట ఆలస్యమైనందుకు గోదాము బాడుగ ఎవరు కట్టాలని అక్కడ శెట్టీ, సంజీవప్పా కొట్లాడుకున్నారట. ఇద్దరూ నేనంటే నేనని. అది కూడా ప్రాజెక్టులో రాసింది.

నాగవేణి పాసయింది. సంజీవప్ప మళ్ళీ మూట భుజానేసుకుని రైల్లో పోవడం మొదలుపెట్టాడు. "ఒక్క పార్టీని తెచ్చావు, ఆయన్ని కూడా పంపించేశావు" అని మేనేజరుగారు నన్ను చాన్నాళ్ళు ఆటపట్టించారు. ఆయనది గుంటూరు. మా వైపు మొహమాటాలు ఆయనకు కొత్త.

శిక్షణలో మాకు చెప్పిన మొదటి సూత్రం, బ్యాంకు చూసేది కాగితాలను, మనుషులను కాదు అని. అది తప్పని నేననను. కానీ కాగితం అందుకునేవాడు మనిషే, అది చేతికొచ్చినప్పుడు వాడి చుట్టూ పదిమంది ఉంటారు. ఈ సంగతి నాకు ముగ్గురు మనుషుల వల్ల తెలిసింది. అప్పట్నుంచీ ఎవరైనా మొదటిసారి బిల్లు తెస్తే అన్నీ సరిచూశాక ఒక మాట అడుగుతాను.

ఆ మరుసటి ఏడు బత్తలపల్లె నుంచి ఒక కొత్త పార్టీ వచ్చాడు. కాగితాలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. "కొనేవాళ్ళకు చెప్పినారా?" అన్నాను. తల గోక్కున్నాడు. "ఎట్ల చెప్పేదమ్మా, ఏమనుకుంటారో" అన్నాడు. బిల్లు పక్కన పెట్టి, ఫోను ఆయన ముందుకు జరిపాను. ట్రంకాలు బుక్ చేయించాను. కలిశాక ఆయన నా వైపు బిక్కమొహంతో చూశాడు.

"మాట్లాడండన్నా" అన్నాను.