ఎర్రయ్య ఫారంలో రెండు వరసలు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయే రకం నేను. యాంగోన్‌లో ఒక హెచ్ఐవీ క్లినిక్‌లో పని చేస్తాను. వైరస్ ఒకరి నుంచి ఇంకెవరికి సోకి ఉంటుందో వెతికి, వాళ్లను పరీక్షకు తీసుకురావడం నా ఉద్యోగం.

మా రోగి ఎర్రయ్య చిమిండైంగ్ రేవులో మూటలు మోసేవాడు. మా తాతల్లాగే వాళ్ల తాతలూ తెలుగు గడ్డ నుంచి ఇక్కడి ఓడరేవు పనికి వచ్చినవాళ్లే. ఎవరితోనైనా సంబంధం ఉందా అని మూడుసార్లు అడిగాను.

"ఎవులూ నేరమ్మా," అన్నాడు నేల చూస్తూ.

వాళ్ల పేర్లు రాయాల్సిన గడి ఖాళీగా వదిలేసి, ఫారం మీద వేలిముద్ర వేయించాను. అతను మందులు సరిగా వాడలేదు. వానాకాలంలో క్షయతో పోయాడు.

వారం తర్వాత అతని ఫైలు మూసేద్దామని బీరువా తెరిచాను. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. ఖాళీగా ఉండాల్సిన గడిలో నీలం సిరాతో రెండు వరసలున్నాయి. తెలుగులో.

నేను ఇంట్లో తెలుగు మాట్లాడతాను గానీ చదివింది బర్మీస్‌లో. తెలుగు అక్షరాలు చూసి పోల్చుకోవడమే వచ్చు; చదవడం ఇదంతా జరిగాకే నేర్చుకున్నాను. ఎర్రయ్యకు ఏ భాషా రాయడం రాదు. క్లినిక్‌లో మిగతావాళ్లంతా బర్మీయులు.

రోగి వివరాలు బయటపడకూడదు. అందుకని ఆ రెండు వరసలే బొమ్మ గీసినట్టు వేరే కాగితం మీద దించుకుని, లమ్మడాలో కొట్టు నడిపే మామయ్యకు చూపించాను.

"తాకేటా, ఐసు ఫ్యాక్టరీ ఎనక సందు, పోలమ్మ. ఏడో నెల," అని చదివాడు. "ఏటమ్మీ ఇది? ఎవులు రాసినారు?"

ఏడో నెల అనగానే కాగితం తీసుకుని సంచిలో పెట్టుకున్నాను. వెంటనే మందులు మొదలుపెడితే బిడ్డకు సోకకుండా ఆపవచ్చు. రోజులు తక్కువ. ఆ మధ్యాహ్నమే తాకేటా బస్సెక్కాను.

పోలమ్మ ఉంది. నిండు కడుపుతో బట్టలు ఆరేస్తోంది. క్లినిక్ పేరు వినగానే తలుపు వేసుకోబోయింది.

"నాకేటీ జబ్బు నేదు. నా పేరు నీకెవులు సెప్పినారు?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పకూడదు. నాకు తెలియదు కూడా. "బిడ్డ కోసం ఒక్కసారి రా చెల్లీ," అంటూ గుమ్మంలోనే నిలబడ్డాను. గంట గడిచాక చెప్పులేసుకుంది.

పరీక్షలో వైరస్ ఉన్నట్టే తేలింది. అదే రోజు మందులు మొదలుపెట్టాం. పాప పుట్టింది. పాపకు సోకలేదని చివరి పరీక్షలో ఖాయమైన రోజు పోలమ్మ నా చేతులు పట్టుకుని ఏడ్చింది.

"ఎర్రయ్య పోయినాడని ఇన్నానక్కా. మూడో నెల్లోనే దెబ్బలాడి ఆయన్ని ఒగ్గేసినాను. కడుపని ఆయనకి సెప్పనేనేదు."

ఆ ఫైలు ఇంకా మూయలేదు. 'సమాచారం ఇచ్చిన వ్యక్తి' అన్న చోట ఏం రాయాలో నాకిప్పటికీ తెలియదు.