వేయించిన ఇసుక

పోయిన వారం మా ఇంటికి కొత్త గేటు బిగించడానికి వచ్చిన మనిషి, వెల్డింగు పూర్తయ్యాక పానా తీసుకుని ఇనుప చువ్వల మీద రెండు దెబ్బలు కొట్టాడు. మొదటి చువ్వ ఖంగుమని మోగింది. రెండోది ఎందుకో మొద్దుగా పలికింది. డెబ్బై దాటినవాణ్ణి, చేతిలో చాయ్ గ్లాసుతో దర్జాగా నిలబడి పని చేయిస్తున్నవాణ్ణి, ఆ మొద్దు చప్పుడు వినగానే చాయ్ ఒంటి మీద ఒలకబోసుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాను. బయట మా ఆవిడ, పాపం, అతనికి ఏదో సర్దిచెబుతోంది. ఆ చప్పుడు నన్ను వెతుక్కుంటూ రావడం అదేం మొదటిసారి కాదు. పెళ్ళిళ్ళలో గంగాళాలు దించుతున్నప్పుడు, బస్సులో ఎవరి ఉంగరమో కడ్డీకి తగిలినప్పుడు, ఎన్నోసార్లు వచ్చింది.

డెబ్బైల్లో జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కన మా అక్క మొగుడు, అంటే మా బావ, మోటారు సైకిళ్ళకు ఫ్రేములు చేసేవాడు. బండ్లు రిపేరు చేసేవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉండేవారు గాని, ఇంజిను ఒక్కటి తెచ్చిస్తే దాని చుట్టూ పైపులు కొలిచి, వంచి, అతికి, కొత్త బండిని పుట్టించే పిచ్చి బావ ఒక్కడికే ఉండేది. పట్నంలో మట్టి మీద రేసులాడేవాళ్ళు వచ్చేవారు. బీదరు వైపు నుంచి షోకు రాయుళ్ళు వచ్చేవారు. ఒకసారి న్యాల్‌కల్ దగ్గరి అల్లం రైతు ఒకాయన వచ్చి, భార్యా ముగ్గురు పిల్లలూ పట్టేంత పొడుగు బండి కావాలన్నాడు. బావ నవ్వలేదు. మొత్తం సంసారాన్ని బల్ల మీద వరసగా కూర్చోబెట్టి, రేసు బండికి తీసుకున్నంత శ్రద్ధగా కొలతలు తీసుకున్నాడు. ఆ బండి మలుపు తిరగాలంటే రోడ్డంతా కావలసి వచ్చేదని లారీ డ్రైవర్లు తిట్టుకునేవారు. ఆ షెడ్డులో నేను భాగస్తుణ్ణి. పైపులు వంచడం నా పని, అతకడం బావ పని.

పైపును ఊరికే వంచితే మడత దగ్గర నలిగిపోతుంది. అందుకని దాని నిండా ఇసుక కూరి, రెండు మూతులకూ కట్టె బిరడాలు కొట్టి, కొలిమిలో ఎర్రగా కాల్చి వంచేవాళ్ళం. ఇసుకలో ఏమాత్రం తడి ఉన్నా వేడికి బిరడా ఎగిరి మొహాన కొట్టేది. కాబట్టి మంజీర ఇసుకను మా అక్క ఇనుప మూకుట్లో నల్లబడేదాకా వేయించి ఇచ్చేది. పనిలో పనిగా అదే ఇసుకలో పల్లికాయలు కూడా వేయించేది. పళ్ళ కింద ఇసుక కరకరలాడుతున్నా బావ "మస్తుగున్నయ్" అంటూ తినేవాడు. వంచడం అయ్యాక ఇసుకంతా దులిపి, అప్పుడు పైపులు అతికేవాళ్ళం. పూర్తయిన ఫ్రేమును బావ తాడుతో దూలానికి వేలాడదీసి, ఒక్కో పైపు మీదా పానాతో కొట్టి, కళ్ళు మూసుకుని వినేవాడు. అతుకులు గట్టిగా ఉంటే ఆదివారం చర్చి గంటలా మోగాలి. ఎక్కడైనా పగులుంటే మొద్దుగా పలుకుతుంది. లోపల ఇసుక మిగిలిపోయినా మొద్దుగానే పలుకుతుంది. ఆ పరీక్ష అయ్యాక, ఎవరి బండి అయినా సరే, మొదటి సవారీ మాత్రం బావదే. తాను ఎక్కని బండిని ఇంకొకరిని ఎక్కనిచ్చేవాడు కాదు.

డెబ్బైల చివర్లో, చెరుకు బండ్లు రోడ్డు నిండా నడిచే రోజుల్లో, ఒక రేసు బండికి మెడ, అంటే హ్యాండిలు దూరే చోటు, అతికే పని బావ మొదటిసారి నాకిచ్చాడు. ఏడాదిగా అడుగుతున్నాను మరి. అతికి, దగ్గర నుంచీ దూరం నుంచీ చూసి మురిసిపోయాను. మర్నాడు బావ వేలాడదీసి కొట్టాడు. మెడ నుంచి కిందికి దిగే పైపు మొద్దుగా పలికింది.

"ఏంది బామ్మర్దీ, గిట్ల పలుకుతుంది?"

"ఇసుక మిగిలినట్టున్నది బావా. తొందరల సరిగ దులపలే."

"కోసి చూద్దామా?"

"ఏం ఫికర్ లేదు. ఇసుకనే."

ఇసుక నేను శుభ్రంగా దులిపాను. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఇసుక మిగలడం చిన్న తప్పు, అతుకు చెడడం పెద్ద తప్పు. పెద్దదాన్ని ఒప్పుకోలేక చిన్నదాన్ని ముందుకు తోశాను. పైగా అతుకు బాగానే ఉందని నన్ను నేనే నమ్మించుకున్నాను. బావ నా మాట నమ్మి పానా పక్కన పెట్టాడు.

ఇంజిను బిగించిన రోజు బావ బండెక్కి బీదరు రోడ్డు పట్టాడు. మైలు దాటకముందే, చెరుకు తోటల దగ్గర, మెడ ఊడిపోయింది. లారీవాళ్ళు చెబితే పరుగెత్తుకుంటూ పోయాను. బావ రోడ్డు పక్కన మోకాలు పట్టుకుని పడి ఉన్నాడు. నేను ముందు ఆయన దగ్గరికి పోలేదు. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. నేను ముందు బండి దగ్గరికి పోయాను. ఊడిన పైపు మూతి తెరుచుకుని ఉంది. వెనక చక్రం పట్టి ఎత్తి, ఆ మూతిని నేలకు వంచి కుదిపాను. గింజ ఇసుక రాలలేదు. తలెత్తి చూస్తే బావ నా వంకే చూస్తున్నాడు.

దవాఖానలో కాలికి కట్టు కట్టాక ఒక్కటే అడిగాడు. "ఇసుక ఉండెనా?"

"ఉండె బావా," అన్నాను.

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మోకాలు మళ్ళీ వంగలేదు. బావ మరో ఫ్రేము చేయలేదు. ఎనభైలంతా ట్రాక్టరు ట్రాలీలూ కిటికీ చువ్వలూ చేసుకుంటూ గడిపేశాడు. రేసువాళ్ళు వచ్చి బతిమాలితే, "నా చెవి పోయింది భాయ్, పగులుకూ ఇసుకకూ తేడా తెలుస్తలేదు," అని నవ్వేవాడు. పక్కనే నిలబడి వినేవాణ్ణి. ఆయన చెవి సరిగ్గానే విన్నదని చెప్పగలిగినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే. కొన్నాళ్ళకు ఆ మాట వినలేక వేరుగా ఇనుప సామాన్ల దుకాణం పెట్టుకున్నాను. విరిగిన ఆ ఫ్రేము అక్క ఇంటి వెనక గదిలో ఉందని తెలుసు. ఎన్ని పండగలకు పోయినా ఆ గది గడప తొక్కలేదు.

బావ పోయి ఏడాదయింది. గేటు చప్పుడు విన్న మర్నాడు పొద్దున్నే అక్క ఇంటికి వెళ్ళి మొత్తం చెప్పేశాను. అక్క వెల్లుల్లి ఒలుస్తూ తలెత్తకుండా విన్నది. చివరికి, "వెనక అర్రల ఉన్నది, పోయి చూడుపో," అన్నది.

ఫ్రేము దూలానికి తాడుతో వేలాడుతోంది. కింద గోడ వారన పానా ఉంది. తీసి కొట్టాను. మొద్దుగా పలికింది. విరిగిన పైపు మూతికి కట్టె బిరడా దిగ్గొట్టి ఉంది. ఊడబీకి, మూతి కిందికి వంచాను. నా పాదాల మీద ఇసుక కుప్పగా పడింది. నల్లగా, వేయించిన ఇసుక.

గడపలో అక్క నిలబడి ఉంది. "దవాఖాన నుంచి వచ్చినంక ఒక్కటే సారి ఇసుక వేయించమన్నడు తమ్మీ. పని బంద్ వెట్టినవ్ గద, ఎందుకు అని అడిగిన. బామ్మర్ది ఎప్పుడన్న వచ్చి చూస్తడు, అప్పుడు పైపుల ఇసుక ఉండాలె అన్నడు."

నేను ఆ ఇసుకలోనే కూలబడి ఏడ్చాను. మా ఇంటి నుంచి ఆ గదికి నడిచిపోతే పది నిమిషాలు. ఆ పది నిమిషాల దూరం పోవడానికి నాకు నలభై ఏళ్ళ పైన పట్టింది. అన్నేళ్ళూ నా కోసం చూసిన మనిషి, ఒక్క ఏడాది ముందే వెళ్ళిపోయాడు.