ఊ కొట్టినంత సేపు

నా చిన్నప్పుడు మా బడిలో లైబ్రరీ అంటే ఒక బీరువా. దానికి రెండు అద్దాల తలుపులు, అందులో ఒక అద్దం పగిలిపోతే అట్టముక్క అతికించారు. నాలుగో తరగతి గదిలో వెనక గోడకు ఆనించి ఉండేది. దాని మీద మా టీచరమ్మ గుండ్రటి అక్షరాలతో 'నిశ్శబ్దము' అని రాసి అంటించారు. పటాన్‌చెరు దాటాక బొంబాయి రోడ్డు మీద బస్సు దిగి లోపలికి నడవాల్సిన చిన్న ఊరు మాది. మేకలు అరిచేవి, ఎడ్లబండ్లు కిర్రుమనేవి, కొత్త ఫ్యాక్టరీల పునాదుల కోసం బండలు పేలుస్తుంటే గోడలు అదిరేవి. అటువంటి ఊరికి నిశ్శబ్దం నేర్పాలని ఎవరికి తోస్తుంది చెప్పండి! మా టీచరమ్మకు తోచింది.

ఆమెది కోస్తా వైపు. భర్తకు ఇక్కడి పెద్ద కర్మాగారంలో ఉద్యోగం వస్తే వెంట వచ్చారు. క్వార్టర్స్ నుంచి బస్సులో వచ్చి, రోడ్డు దగ్గర దిగి, ఎండలో గొడుగు వేసుకుని నడిచి వచ్చేవారు. ఆమె రాకముందు ఆ బీరువాకు తాళం తీసినవాళ్లు లేరు. ఆమె తీయించి, దుమ్ము దులిపించి, ఫ్యాక్టరీ సామాన్లకు చుట్టి వచ్చే మందపాటి కాగితంతో పుస్తకాలన్నిటికీ అట్టలు వేయించారు. శనివారం మధ్యాహ్నం కథల గంట పెట్టారు. ఒకరు చదవాలి, మిగిలినవాళ్లు వినాలి. విన్నదానికి బొమ్మ గీయాలి. పలకలు తప్ప మరేమీ ఎరగని మాకు రంగు సుద్దలు ఆమె చేతి మీదుగానే తెలిశాయి. నా తలలో చిక్కు తీసి, నూనె రాసి, జడ వేసి పంపిన రోజులు కూడా ఉన్నాయి. ఆమె చెడ్డమనిషి అయి ఉంటే ఈ సంగతి చెప్పడం నాకు సులువయ్యేది.

ఇంట్లో నేను మా నాయనమ్మ పక్కన పడుకునేదాన్ని. అమ్మా నాన్నా పొద్దున్నే ఫ్యాక్టరీ కట్టడంలో కూలికి పోయి అలసిపోయి వచ్చేవారు. ఆ ఫ్యాక్టరీ కింద పోయిన భూముల్లో మా జొన్నచేను కూడా ఉంది. అంతకుముందు ఆ చేనుకు మా నాయనమ్మే కావలి. మంచె ఎక్కి, ఒడిసెలలో రాయి పెట్టి తిప్పి విసిరితే పిట్టల గుంపు లేచిపోయేదట. చేను పోయాక ఆమెకు తోలడానికి పిట్టలు లేవు. వాకిట్లో కూర్చుని ప్రహరీగోడ లేస్తున్న వైపు చూస్తూ ఉండేది.

మిగతా పిల్లల నాయనమ్మలకు రాజులూ రాక్షసులూ ఉండేవారు. మా నాయనమ్మకు ఒక్కటే కథ. జొన్నచేను కావలి కాసే ముసలమ్మ కథ. ఆ ముసలమ్మకు ఒక్కతే బిడ్డ, దూరపు ఊరికి ఇచ్చింది. ఒకరోజు ఒక పిట్ట మంచె మీద వాలి, నన్ను కొట్టకు, నాకొక కంకి విడిచిపెట్టు, నీ బిడ్డ ఊరి మీదుగానే ఎగిరి వస్తుంటా, రోజూ ఆమె ముచ్చట తెచ్చి చెప్తా అంటుంది. ముసలమ్మ సరేనంటుంది. ఇక ఆనాటి నుంచి పిట్ట రోజూ వస్తుంది, కంకి తింటుంది, ముచ్చట చెబుతుంది.

"నీ బిడ్డ ఇయ్యాల కొత్త కుండ కొన్నది."

"ఊ" అనేదాన్ని నేను.

"నీ బిడ్డ అత్త మీద అలిగి బువ్వ తినలే."

"ఊ."

"నీ బిడ్డకు పుల్లటియి తినబుద్ధి అయితున్నదట."

"ఊ."

ఊ కొట్టకపోతే కథ ముందుకు నడిచేది కాదు. నా ఊ కాస్త ఆలస్యమైతే ఆమె ఆగి, నా ముఖం మీదికి వంగి చూసేది. నిద్రపోయానని తెలిస్తే దుప్పటి కప్పి తానూ పడుకునేది. పిట్ట తెచ్చే ముచ్చట్లు రోజుకొక తీరు. ఆ బిడ్డ ఏం వండిందో, ఎవరితో నవ్విందో, ఏ చీర కట్టిందో ఆమెకు ఎక్కడినుంచి వచ్చేవో గాని ఒకసారి చెప్పింది మళ్లీ చెప్పేది కాదు. ఒక్క మాట మాత్రం ఎప్పుడూ ఒకే చోట వచ్చేది. "ఇగ ఒకనాడు పిట్ట వచ్చింది గని, కంకి ముట్టలే." ఆ మాట అన్నాక నాయనమ్మ చాలాసేపు ఆగేది. ఆ ఆగడంలోనే నాకు నిద్ర ముంచుకొచ్చేది. కంకి ఎందుకు ముట్టలేదో నేను ఏనాడూ వినలేదు.

నాకొక మేనత్త ఉండేదని, నేను పుట్టకముందే అత్తగారింట్లో పోయిందని ఇంట్లో వాళ్ల మాటల మధ్య విన్నాను. అంతకుమించి అడిగే వయసు కాదు నాది. కథ కథే, అత్త అత్తే అనుకునేదాన్ని.

ఆ ఏడు చలికాలంలో టీచరమ్మ ఒక వార్త తెచ్చారు. పిల్లల కథలు రాసే ఒక రచయిత హైదరాబాదు నుంచి మా బడికి వస్తారట, మా బీరువా చూస్తారట, మాతో మాట్లాడతారట. పుస్తకాలు రాసేవాళ్లు ఎక్కడో బతికుంటారని, బస్సెక్కి వస్తారని మాకు అప్పటిదాకా తెలియదు. ఆయన ముందు ఒకరు కథ చెప్పాలి, అది పుస్తకంలోది కాకూడదు, ఇంట్లో విన్నది కావాలి అన్నారు టీచరమ్మ. అందరి చేతా చెప్పించి చూశారు. నా వంతు వచ్చినప్పుడు నేను పిట్ట కథ చెప్పాను. కంకి ముట్టలేదు అనే దగ్గర ఆగిపోయాను.

"తర్వాత ఏమైందమ్మా?" అన్నారు టీచరమ్మ.

"తెల్వదు టీచర్. ఆడికొచ్చేసరికి నేను పండుకుంటా."

గది గదంతా నవ్వింది. ఆమె కూడా నవ్వారు. కానీ ఆమెకు ఆ కథ నచ్చేసింది. "నువ్వే చెప్పాలి తల్లీ. చివర మనం చక్కగా కలుపుదాం" అన్నారు. మాటలు కూడా ఒకటొకటిగా సర్దారు. పిట్ట పక్షి అయింది. బిడ్డ కుమార్తె అయింది. బువ్వ భోజనమయింది. పట్నం నుంచి వచ్చే పెద్దమనిషి నన్ను చూసి నవ్వకూడదని ఆమె తాపత్రయం. ఇక ముగింపు ఇట్లా పెట్టారు. ఒకరోజు పక్షి కంకి ముట్టలేదు, ఎందుకంటే ఆ రోజు దాని వెనకే కుమార్తె వచ్చింది, చేతుల్లో పండంటి బాబుతో. ముసలమ్మ సంతోషం పట్టలేక చేనంతా పక్షులకు వదిలేసింది. కాబట్టి పక్షులను ప్రేమించాలి. నాకు ఆ ముగింపు ఎంత నచ్చిందో చెప్పలేను. పాపం ఆ ముసలమ్మ ఎన్నాళ్లని ఎదురుచూస్తుంది!

అయినా అసలు కథ తెలుసుకోవాలని ఇంటికి పోయి నాయనమ్మ కొంగు పట్టుకున్నాను. చివర ఇప్పుడే చెప్పు, రచయిత ముందు చెప్పాలి అన్నాను.

"పగటిపూట కథ చెప్తరానే? తోవల పోయెటోళ్లు తోవ తప్పుతరు" అంది.

"రాత్రి నేను పండుకుంటున్న గదా నాయనమ్మా."

"నువ్వు ఊ కొట్టినంత సేపు చెప్తనే. నువ్వు పండుకుంటే నేనెవలికి చెప్పాలె?"

ఆ రాత్రి కళ్లలో నీళ్లు చల్లుకుని కూర్చున్నాను. తొడ గిల్లుకున్నాను. నిద్ర ముందు పిల్లల పంతం ఏపాటిది? తెల్లారి లేచేసరికి దుప్పటి కప్పి ఉంది.

రచయిత వచ్చే రోజు బడి ముందు నీళ్లు చల్లి ముగ్గు వేశారు. బంతిపూల దండలు కట్టారు. ఇళ్లల్లో పెద్దవాళ్లను కూడా రమ్మని చెప్పి పంపారు. మా అమ్మానాన్నలకు పని మానితే కూలి పోతుంది, అందుకని నాయనమ్మ వచ్చింది. తలకు నూనె పెట్టి, ఉన్న చీరల్లో మంచిది కట్టుకుని వచ్చింది. లోపలికి రమ్మంటే రానంది. వరండాలో కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది.

రచయిత పొట్టిగా, మెత్తగా మాట్లాడే మనిషి. బీరువా ముందు నిలబడి చాలా మెచ్చుకున్నారు. ఆయన కూర్చున్నాక టీచరమ్మ నా భుజం తట్టి ముందుకు పంపారు.

"అనగనగా ఒక ఊరిలో ఒక వృద్ధురాలు ఉండేది" అన్నాను.

"ఊ" అంది మా నాయనమ్మ కిటికీలోంచి.

వెనక పిల్లలు కిసుక్కుమన్నారు. నాకు మాత్రం ధైర్యం వచ్చింది. "ఆమెకు ఒకే ఒక్క కుమార్తె" అన్నాను.

"ఊ" అంది మళ్లీ, ఇంకాస్త గట్టిగా. కథ చెప్పేది మనవరాలు, వినేది తను. ఊ కొట్టకపోతే నేను ఆగిపోతానని ఆమె భయం.

ఈసారి గదంతా నవ్వు. టీచరమ్మ కిటికీ వైపు తిరిగి, కోపంగా ఏం కాదు, పెదవుల మీద వేలు పెట్టి, ఇంకో చేత్తో బీరువా మీది అక్షరాలు చూపించారు. మా నాయనమ్మకు చదువు రాదు. ఆమెకు అర్థమైంది వేలు ఒక్కటే. చీర కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాతి కథంతా నేను ఎట్లా చెప్పానో నాకు తెలియదు. మాట తర్వాత మాట గోతిలో రాళ్లు వేసినట్టు వేసుకుంటూ పోయాను. ఎటునుంచీ ఊ లేదు. రచయిత ముఖం వైపే చూడమని నేర్పారు కాబట్టి అటే చూశాను. కుమార్తె వచ్చింది, పండంటి బాబు ఉన్నాడు, పక్షులను ప్రేమించాలి అని ముగించగానే చప్పట్లు కొట్టారు. రచయిత నన్ను దగ్గరికి పిలిచి, ఈ కథ నీకు ఎవరు చెప్పారమ్మా అని అడిగారు. నేను కిటికీ వైపు వేలు చూపించాను. అక్కడ ఎవరూ లేరు. చువ్వల వెనక వేపచెట్టు ఒకటి కనిపిస్తోంది.

"ఓహో, చెట్టు చెప్పిందా!" అన్నారాయన. మంచి మనసుతోనే అన్నారు. అందరూ మళ్లీ నవ్వారు. నా చేతిలో ఒక బొమ్మల పుస్తకం పెట్టి, బస్సు టైమవుతోందని లేచారు.

నేను ఇంటికి పరుగెత్తాను. నాయనమ్మ వాకిట్లో చాట పట్టుకుని జొన్నలు చెరుగుతోంది. నా వైపు చూడలేదు.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా" అంది. కాసేపు చెరిగింది. "కొడుకు పుట్టిండా?"

"ఊ" అన్నాను.

"తల్లి పిల్లగాడు మంచిగున్నరా?"

"ఊ."

ఆమె చేతులు ఆగలేదు. పొట్టు ఎగిరి నా మీద పడుతున్నా నేను అట్లాగే నిలబడ్డాను. ఏదో పోయిందని తెలుస్తోంది, ఏం పోయిందో తెలియడం లేదు. ఆ సాయంత్రం దీపం పెట్టాక, ఇయ్యాల పండుకోను, కథ చెప్పు అని ఆమె పక్కన చేరాను.

"అయిపోయింది గదనే కథ. బిడ్డ ఇంటికొచ్చిందన్నవ్ గదా. ఇగ పిట్టెందుకొస్తది?" అని అటు తిరిగి పడుకుంది.

ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. ఇకముందు కథ లేదని తెలిసిన రోజే నేను మేలుకుని ఉన్నాను.

ఎన్నిసార్లు అడిగినా ఆమె మళ్లీ చెప్పలేదు. కోపం ఉంటే అలకలు తీర్చవచ్చు. ఆమెకు కోపం లేదు. నా తల దువ్వేది, బువ్వ కలిపి పెట్టేది, జ్వరమొస్తే ఒళ్లో పడుకోబెట్టుకునేది. కథ ఒక్కటే లేదు. మరుసటి ఏడు ఎండలు ముదరకముందే ఆమె మంచం పట్టింది. నేను తల దగ్గర కూర్చుని, ఆమె పెదవులు కదిలినప్పుడల్లా ఊ, ఊ అనేదాన్ని. ఆమె నీళ్లు అడుగుతోందని అమ్మ చెంచాతో పోసేది. ఒక మధ్యాహ్నం అట్లాగే పోయింది.

నాకు పెళ్లయి మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు మా అమ్మ చెప్పింది. మేనత్త కాన్పులోనే పోయిందట, కడుపులో పిల్ల కూడా దక్కలేదట. కబురు వచ్చేసరికి నాయనమ్మ మంచె మీద ఉందట. పిట్టల్ని తోలుతూ ఉన్నదల్లా ఒడిసెల కింద పడేసిందట. ఇక్కడినుంచి వీళ్లు పోయేసరికే అక్కడ అన్నీ అయిపోయాయి. ఆమె ఆ సంగతి ఎవరితోనూ ఎప్పుడూ నోరు తెరిచి చెప్పలేదని అమ్మ అంది. నేను తల వంచుకుని విన్నాను. చెప్పబోయింది అమ్మా, రోజూ చెప్పబోయింది అని అనలేకపోయాను. 'కంకి ముట్టలే' అని ఆగినప్పుడు ఆమె నా ఊ కోసం చూసేదో, ఆపై మాట గొంతు దాటక ఆగేదో నాకు ఈనాటికీ తెలియదు. ఎవరినడిగినా తెలియదు.

టీచరమ్మ ఎక్కువ కాలం లేరు. భర్తకు వేరే ఊరు బదిలీ అయితే వెళ్లిపోయారు. పోయేముందు నన్ను దగ్గరికి తీసుకుని, పెద్దయ్యాక కథలు రాయాలి నువ్వు అన్నారు. తర్వాత బీరువాకు మళ్లీ తాళం పడింది. అద్దంలోంచి చూస్తే ఆమె వేయించిన అట్టల మీద చెదలు మట్టిదారులు కట్టుకుంటూ పైకి పాకడం కనిపించేది. 'నిశ్శబ్దము' అన్న కాగితం మాత్రం చాలా రోజులు ఊడిపోలేదు.

నేను కథలేమీ రాయలేదు. చెప్పనూ లేదు. ఆ రోజు నుంచి నాకు మిగిలింది ఒక ఊ. ఎవరు ఏది చెబుతున్నా, కూరగాయలమ్మే మనిషి తన అల్లుడి సంగతి చెప్పినా, బస్సులో పక్కన కూర్చున్నావిడ తన జబ్బు సంగతి చెప్పినా, ఆపకుండా ఊ కొడతాను. ఎవరి కథ ఎక్కడ ఆగిపోతుందోనని నా భయం. ఇంట్లో అందరూ నన్ను ఆటపట్టిస్తారు. రేడియోకు కూడా ఊ కొడుతుందని మా కోడలు నవ్వుతుంది.

వయసు మీద పడ్డాక నాకు నిద్ర పూర్తిగా పోయింది. మాత్ర వేసుకున్నా రెప్ప పడదు. మా చేను ఉన్న చోట ఫ్యాక్టరీ కూడా ఎప్పుడో మూతబడింది, అటునుంచి ఏ చప్పుడూ రాదు. చీకట్లో వెల్లకిలా పడుకుని, ఇగ ఒకనాడు పిట్ట వచ్చింది గని కంకి ముట్టలే అని నాలో నేను అనుకుంటాను. అనుకుని, ఊ అంటాను. ఇప్పుడైతే నేను తెల్లవార్లూ ఊ కొట్టగలను నాయనమ్మా.